రెండంగుళాల మాస్టారి కంచె

ఆయన్ని అందరూ రెండంగుళాల మాస్టారంటారు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టారు గానీ ఏ ఒక్కరి కొలతా ఉన్నదున్నట్టు రాసిన పాపాన పోలేదు. టేపు ముప్ఫై ఆరు చూపిస్తే పుస్తకంలో ముప్ఫై ఎనిమిది పడేది. ఇదేమిటని ఎవరైనా అడిగితే, "మనిషన్నాక కూర్చోవాలి, లేవాలి, కడుపునిండా తినాలి, నలుగురిలో పగలబడి నవ్వాలి. వీటన్నిటికీ చోటెవరిస్తారు? మీ తాతగారా?" అని ఎదురడిగేవారు. ఒంటికి అతుక్కునేలా కుట్టమని వచ్చిన కుర్రకారుతో "అలాగే బాబూ, అలాగే" అంటూ, పైకి ముప్ఫై ఆరు అని చదువుతూ ముప్ఫై ఎనిమిది రాసుకునేవారు. పాపం, అందులో మోసమేమీ లేదు. కన్ను సరిగ్గానే చూసేది. చేతి దగ్గరికి వచ్చేసరికి రెండు కలిసిపోయేవి. ఆ చెయ్యి అలా అలవాటు పడిపోయింది, ఇక దాన్ని బాగుచెయ్యడం ఎవరి తరమూ కాదు.

అరవై దాటాక సూదిలో దారం ఎక్కించడానికి ఆయనకి పావుగంట పట్టడం మొదలైంది. దుకాణం శిష్యుడికి అప్పగించి, కుట్టు మిషను, టేపు, కత్తెర, ఒక అడుగు పొడుగు చెక్క స్కేలు, కొలతల పుస్తకం ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో చూస్తే ఆయన కూర్చోవడానికే చోటు లేదు, అంతా మేకలది. ఆయన దుకాణంలో ఉన్న రోజుల్లో ఆయన భార్య పొద్దుపోక ఒక మేకని తెచ్చుకుంది. ఆ ఒకటీ ఏడయ్యాయి. ఆ ఏడింటికీ పెద్ద ఇన్‌స్పెక్టరమ్మ. వెనక్కి వంగిన పొడుగాటి కొమ్ములు, తెల్లటి గడ్డం, ఎవర్నీ నమ్మని చూపు. నోటితో పరీక్షించకుండా ఏ వస్తువునీ వదిలేది కాదు. గొడుగు పిడి, గోడ మీద కాలెండరు, ఇంకా కట్టని కరెంటు బిల్లు, మాస్టారి కళ్ళజోడు తాడు, అన్నీ ఆవిడ తనిఖీ చేసి పాస్ చేసినవే.

ఇంటి వెనక స్థలం మేకలది. దానికి ఆనుకుని ఉన్న స్థలం మాస్టారి అక్కయ్యది. ఆవిడ తమ్ముడి కన్నా పదేళ్ళు పెద్దది. భర్త పోయాక ఆ స్థలంలో మొక్కలు పెంచి అమ్మడం మొదలుపెట్టింది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వరసలు వరసలుగా మొక్కలు, ఒక్కోదానికి ఒక పుల్ల, పుల్లకి పేరు రాసిన చీటీ. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఎరువు బస్తా ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు. కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. "వచ్చెయ్యమ్మా" అని ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా "మొక్కలకి నీళ్ళెవరు పోస్తారే" అని పెట్టేసేది.

రెండు స్థలాలకీ మధ్య గోడ గానీ గట్టు గానీ లేదు. నడిచి నడిచి పడిన కాలిబాట ఒకటుంది. ఆ బాట వేసింది అక్కయ్యే. ముప్ఫై ఏళ్ళుగా రోజూ పొద్దున్న ఆరింటికి తన స్టీలు గ్లాసు తనే పట్టుకుని తమ్ముడింటికి టీకి వచ్చేది. గ్లాసు ఎందుకు తెచ్చుకుంటావని అడిగితే, "మా మరదలు కప్పుల్లో పిచ్చుకలకి పోసినట్టు పోస్తుంది" అనేది. టీ తాగుతూ తమ్ముడి చొక్కా నలిగిందని, మరదలి టీలో పంచదార తగ్గిందని, ప్రపంచంలో మనుషులు చెడిపోయారని పది నిమిషాలు తిట్టి వెళ్ళిపోయేది. ఆ పది నిమిషాలూ పడకపోతే మాస్టారికి తెల్లారినట్టే ఉండేది కాదు. ఈ సంగతి ఆయన ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. అక్కకి అలాంటివి ఎవరైనా చెప్తారా?

ఆయనకి పదిహేనేళ్ళప్పుడు మొట్టమొదట కుట్టిన జాకెట్టు కూడా అక్కయ్యదే. రెండు చేతులూ ఎడమవైపువే కుట్టారు. అక్కయ్య దాన్ని తొడుక్కుని, మండుటెండల్లో పైన ఉన్ని శాలువా కప్పుకుని, ఒక పెళ్ళిలో పొద్దుట్నించి సాయంత్రం దాకా కూర్చుంది. అడిగినవాళ్ళందరికీ "చలిజ్వరం" అని చెప్పింది. మా తమ్ముడు కుట్టాడని శాలువా తీసి చూపించలేదు, మా తమ్ముడు పాడుచేశాడని చాటుగా కూడా అనలేదు.

అలాంటి అక్కయ్య ఒక సోమవారం పొద్దున్న పదింటికి, చేతిలో గ్లాసు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. గ్లాసు లేకపోవడం చూడగానే మాస్టారు చేతిలో పని వదిలేసి లేచారు.

"ఒక స్కూలు వాళ్ళు అరవై గులాబీ మొక్కలు కావాలన్నార్రా," అంది. "మూడు నెలలు పెంచాను. ఇవాళ బండి తెస్తామన్నారు. వెళ్ళి చూస్తే అరవై పుల్లలున్నాయి."

"చీటీలు?" అన్నారు మాస్టారు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అవీ తినేసింది! ఏ రంగు గులాబీయో చదువుకుని మరీ తినుంటుంది మీ మహాతల్లి!"

మాస్టారి భార్య అడ్డం రాబోయింది. "పోనీలే వదినా, దానికేం తెలుసు, చిన్నపిల్ల..."

"చిన్నపిల్లకి గడ్డం ఉంటుందా మరదలా?"

పెరట్లోంచి ఇన్‌స్పెక్టరమ్మ నిదానంగా నెమరేస్తూ ఇటే చూస్తోంది. అక్కయ్య గొంతు తగ్గించింది. ఆవిడ అరిస్తే భయం లేదు, గొంతు తగ్గిస్తేనే భయం.

"నాకింక మేకల వెనక పరిగెత్తే ఓపిక లేదు తమ్ముడూ. టైర్ల వ్యాపారి ఎప్పట్నించో నా స్థలం అడుగుతున్నాడు, గోడౌను కట్టుకుంటానని. ఒకటో తారీకు పొద్దున్న పదింటికి వచ్చి చూసుకోమన్నాను. ఈలోపు నువ్వు కంచె వేశావా, వద్దని పంపించేస్తాను. కంచె వేశాక కూడా నీ మేక నా మొక్క మీద మూతి పెట్టిందా, స్థలం అతనికి రాసిచ్చేసి అమ్మాయి దగ్గరికి పోతాను. ఇంక నీ ఇష్టం."

ఒకటో తారీకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. మాస్టారు చొక్కా మార్చుకోకుండానే ఇనప సామాన్ల షాపుకి పరిగెత్తారు.

ఆ షాపు నిండా చుట్టలు చుట్టిన తీగలు, మేకుల డబ్బాలు, నూనె వాసన. షాపాయనది జనం అడిగింది ఇచ్చి పంపించే అలవాటు. ఆ రోజు మాత్రం ఆ అలవాటు పనికిరాలేదు. ఎందుకంటే మాస్టారు కంచె కొనడానికి రాలేదు, గుడ్డ కొనడానికి వచ్చినట్టే వచ్చారు. ఏ చుట్ట చూపించినా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూడ్డమే.

ముందుగా ముళ్ళ తీగ చూపించాడు షాపాయన. మాస్టారు చెయ్యి కూడా వెయ్యలేదు.

"వద్దు బాబూ. ముళ్ళ తీగ చించిన ప్యాంట్లకి నలభై ఏళ్ళు మాసికలు వేశాను. ఏ ఒక్కటీ దొంగది కాదు, అన్నీ ఆ తీగ కట్టించుకున్న ఆసాముల ప్యాంట్లే."

తర్వాత కరెంటు తీగ. ముట్టుకుంటే చిన్న షాకు కొడుతుందని, ప్రాణానికేం భయం లేదని షాపాయన చెప్పాడు. మాస్టారు ఫోనులో భార్యని అడిగారు. "నా మేకలకి షాకు పెట్టే ముందు మీరొకసారి పట్టుకుని చూడండి, ఎలా ఉందో చెబుదురు గాని," అందావిడ. కరెంటు తీగ అక్కడితో సరి.

మూడోది మెలికల జాలీ, ఆటస్థలాల చుట్టూ కడతారే, అది. చూడ్డానికి నాజూగ్గా ఉంది. మాస్టారు రెండు చేతులా పట్టుకుని లాగి వదిలి, పెదవి విరిచారు.

"ఇది నేసిన గుడ్డ కాదయ్యా, బనీను అల్లిక. సాగుతోంది. మా ఇన్‌స్పెక్టరమ్మ రోజూ ముందుకాళ్ళు పెట్టి నిలబడిందనుకో, నెల తిరిగేసరికి పాత ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఉబ్బినట్టు ఉబ్బిపోతుంది."

షాపాయన నోరు తెరిచాడు. నిజానికి ఆ జాలీ మీద వచ్చే ఫిర్యాదు సరిగ్గా అదే. కానీ ఇంతవరకూ ఎవరూ కొనకముందు చెప్పలేదు, కొన్నాక వచ్చి తిట్టినవాళ్ళే.

నాలుగోది ముడుల జాలీ. అడ్డతీగ, నిలువుతీగ కలిసిన ప్రతిచోటా గట్టిగా ఒక ముడి. ఇది చూశాక మాస్టారి కళ్ళు వెలిగాయి. ముడిని గోటితో కదిపి చూశారు, కదల్లేదు. ఒక పోగు తెగితే పక్క పోగు విడిపోతుందా అని అడిగారు, విడిపోదన్నాడు. పూత ఎలా ఉందోనని ఒక తునక తీగని మేకు చుట్టూ బిగించి చుట్టి, పూత పగిలిందేమోనని కళ్ళజోడు పైకెత్తి చూశారు. పగల్లేదు. "వానకి ముడుచుకోదు కదా?" అన్నారు. "ఇనుము మాస్టారూ," అన్నాడు షాపాయన. "అందరూ అమ్మేటప్పుడు అలాగే అంటారు," అన్నారు మాస్టారు.

తీగ లావు దగ్గర షాపాయన ఆయన్ని పట్టుకోవచ్చనుకున్నాడు. పన్నెండు గేజీ కన్నా పద్నాలుగు గేజీ పెద్ద అంకె కాబట్టి లావనుకుని కొనేవాళ్ళే ఎక్కువ. మాస్టారు ఒక్క చూపు చూసి, "పద్నాలుగు సన్నం, పన్నెండివ్వు," అన్నారు.

"ఎలా తెలుసు మీకు?"

"దారం కూడా అంతే. నలభై నెంబరు కన్నా అరవై నెంబరు సన్నం. అంకె పెరిగితే పోగు చిక్కిపోతుంది."

స్తంభాల సంగతి కూడా చిటికెలో తేల్చేశారు. కర్రవైతే చెదలకి విందు, సన్న ఇనుపవైతే మేకలు ఒళ్ళు గోక్కుని వంచేస్తాయి, అందుకని సిమెంటువి. మూలల్లో నిలబెట్టే స్తంభానికి ఏటవాలుగా ఊతం ఇవ్వాలని షాపాయన చెప్పబోతుంటే, "తెలుసు, కాలరులో కాన్వాసు లాంటిది. అది లేకపోతే మొత్తం చొక్కా వేలాడుతుంది," అన్నారు.

"మాస్టారూ, మీరు రేపట్నించి వచ్చి నా కుర్చీలో కూర్చోండి," అన్నాడు షాపాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాటతో మాస్టారు కొండెక్కి కూర్చున్నారు. ఇంక ఎవరి మాటా వినే స్థితిలో లేరు. అసలు ముప్పు అక్కడే వచ్చింది.

ఎందుకంటే ఒక్క సంగతి మిగిలింది. ఆ జాలీ గడి నాలుగంగుళాలది ఒకటి, ఆరంగుళాలది ఒకటి ఉంది. "మేక తల దూరకూడదు, అంతే. మొహం వెడల్పు చూసుకుని చెప్పండి," అన్నాడు షాపాయన. కొలత అన్నాక ఇంక చెప్పేదేముంది? మాస్టారు ఇంటికి వెళ్ళి టేపు మెడలో వేసుకుని పెరట్లోకి దిగారు.

ఆయన భార్య ఒక్కో మేకనీ మోకాళ్ళ మధ్య పట్టుకుంది. మాస్టారు ఒక్కోదాని ముందూ గొంతుకూర్చుని, గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి, చెంప నుంచి చెంపకి టేపు పెట్టి చూశారు. అలవాటు కొద్దీ భుజాలు, నడుము కూడా చూశారు.

"దానికేమైనా సూటు కుడుతున్నారా?" అంది భార్య.

"నువ్వు కదలకుండా పట్టుకో."

"మరి కొమ్ములు కొలవరా?"

"ఎవరైనా టోపీతో కలిపి తల కొలుస్తారుటే?" అన్నారు మాస్టారు, చదువురానివాళ్ళతో మాట్లాడినట్టు.

ఇన్‌స్పెక్టరమ్మ మొహం సరిగ్గా నాలుగంగుళాలు. ఆయన కన్ను నాలుగే చూసింది. పైకి "నాలుగు" అనే చదివారు. చెయ్యి మాత్రం తనకి తెలిసిన పని తను చేసుకుంటూ పుస్తకంలో ఆరు రాసింది. ఇన్‌స్పెక్టరమ్మ టేపు చివర కొరికి చూసింది.

మర్నాడు షాపులో పుస్తకం తెరిచి, "ఆరంగుళాల గడి," అన్నారు.

షాపాయన తల గోక్కున్నాడు. "ఆరా మాస్టారూ? మేకలకి అందరూ నాలుగే తీసుకెళ్తారండీ."

"అందరి మేకల సంగతీ నాకు తెలీదు. నేను ఒక్కో మొహం విడివిడిగా కొలిచాను."

నిన్న తన కుర్చీ ఇస్తానన్న మనిషితో ఇవాళ వాదించడం బాగుండదని షాపాయన ఊరుకున్నాడు.

కంచె మేస్త్రి వచ్చి గుంతలు తవ్వాడు, స్తంభాలు నిలబెట్టాడు. స్థలం చుట్టుకొలత మాస్టారే తీశారు, ఆ అరవై అంగుళాల టేపుతోనే, నేల మీద నూట పన్నెండుసార్లు పరిచి. అక్కయ్య వైపు నూట యాభై అడుగులు వచ్చింది. ఒక్కో జాలీ చుట్ట నూట అరవై అడుగుల పైమాటే. అంటే అక్కయ్య వైపు ఒకే చుట్ట, ఎక్కడా అతుకు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరిదాకా సరిపోతుంది. ఇది తెలిశాక మాస్టారికి ఆ రోజు అన్నం సహించలేదు, అంత సంతోషం. జాలీకి కూడా మంచి వైపు, తిరగ వైపు ఉంటాయని కనిపెట్టి, ముడులు నున్నగా కనబడే మంచి వైపు అక్కయ్యకి కనబడేలా, మొరటు వైపు తమకి ఉండేలా కట్టించారు.

"మాస్టారూ, రోడ్డు వైపు తలుపు పెట్టాం. మరి పెద్దావిడ వైపు?" అని అడిగాడు మేస్త్రి, చేతిలో కత్తిరించే పట్టకారుతో.

"అటు ముట్టుకోవద్దు!" అని కసిరారు మాస్టారు. "ఒకే గుడ్డ అది. అక్క వైపు అతుకు పడకూడదు."

మేస్త్రి భుజాలెగరేసి తన పని తను చూసుకున్నాడు. మాస్టారు అక్క కళ్ళ గురించి ఎంతో ఆలోచించారు. ఆవిడ కాళ్ళ గురించి ఆయనకి తోచలేదు. తెలివైనవాడు పొరపాటు చేస్తే ఎంత శ్రద్ధగా చేస్తాడో చూడండి.

నెలాఖరు రోజు సాయంత్రానికి కంచె పూర్తయింది. తీగని వేలితో మీటితే ఖంగుమంది. అక్కయ్య తన వైపు ఈ చివర నుంచి ఆ చివరిదాకా మెల్లగా నడిచింది. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"చూశావా, నోట మాట రాలేదు," అన్నారు మాస్టారు భార్యతో. ఆ రాత్రి గురక పెట్టి నిద్రపోయారు.

ఒకటో తారీకు పొద్దున్న ఆరయింది. టీ పెట్టారు. అక్కయ్య రాలేదు. ఆరున్నరకి మళ్ళీ వేడిచేశారు. ఏడింటికి మూడోసారి వేడిచేసేసరికి అది టీ రంగు వదిలేసి ఇంకేదో రంగులోకి వెళ్ళింది.

"ఒంట్లో బాలేదేమో," అన్నారు మాస్టారు.

"ఇందాకే మొక్కలకి నీళ్ళు పోస్తోంది. పిలిస్తే ఇటు తిరగలేదు," అంది భార్య.

అదే క్షణంలో పెరట్లోంచి అరుపు వినబడింది. మామూలు అరుపు కాదు, ప్రపంచానికేదో అన్యాయం జరిగిపోయినట్టు ఇన్‌స్పెక్టరమ్మ పెడుతున్న కేక. మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి, ముప్ఫై ఏళ్ళుగా కాళ్ళకి తెలిసిన కాలిబాట పట్టుకుని అక్కయ్య స్థలం వైపు పరిగెత్తారు. పరిగెత్తి, నేరుగా వెళ్ళి కంచెకి గుద్దుకున్నారు.

మొహం మీద ఆరంగుళాల గడి ముద్ర పడింది. తల అదిరింది. అప్పుడు, ఆ తీగ పట్టుకుని నిలబడ్డప్పుడు, బాట అటు కూడా ఉండడం చూశారు. ఇటు నుంచి వచ్చి, కంచె కింద దూరి, అటు అక్కయ్య మెట్టు దాకా వెళ్తోంది. మెట్టు మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. నలభై ఏళ్ళు కుట్టిన మనిషి మెడ పెట్టడం మర్చిపోయి చొక్కా కుట్టేశాడు.

ఆయన పక్కనే, సరిగ్గా ఆ బాట మీదే, ఇన్‌స్పెక్టరమ్మ నిలబడి ఉంది. ఒళ్ళు ఇటు, తల అటు. నాలుగంగుళాల మొహం ఆరంగుళాల గడిలోంచి సుఖంగా దూరింది. వెనక్కి తీద్దామంటే కొమ్ములు అడ్డం. అటు వైపున్న మొహంలో, పళ్ళ మధ్య, ఆకులతో సహా ఒక గులాబీ కొమ్మ వేలాడుతోంది.

అక్కయ్య నీళ్ళ డబ్బా కింద పెట్టి వచ్చింది. కొమ్మకేసి చూసింది. "ఇది అరవై ఒకటోది," అంది.

మాస్టారు ముందు మేకని విడిపిద్దామని కొమ్ములు పట్టుకుని ఇటు లాగారు. అదే సమయానికి అక్కయ్య విడిపిద్దామని గడ్డం పట్టుకుని అటు తిప్పింది. "నువ్వు ఇటు తొయ్యి!" "నువ్వు లాక్కురా, కింద నుంచి!" "అది కింద కాదురా, నీకు కింద, నాకు పక్క!" ఇద్దరి మధ్యా మేక మెడ తాడులా మెలి తిరిగింది. మాస్టారి భార్య వెనక కాళ్ళు పట్టుకుని, "అక్కా తమ్ముళ్ళు కలిసి దాన్ని చంపేస్తారా ఏమిటి!" అని లబోదిబోమంది. ఇద్దరూ చేతులు వదిలేశారు. ఇన్‌స్పెక్టరమ్మ మిగిలిన కొమ్మ నమిలింది.

"దాని మొహమెంత?" అంది అక్కయ్య.

"నాలుగు."

"గడి?"

"ఆరు."

అక్కయ్యకి చెప్పక్కర్లేదు. ఆవిడ జాకెట్లన్నీ ఆ లెక్క ప్రకారం కుట్టినవే. "చెయ్యి రాసేసిందన్నమాట," అంది.

"రాసేసిందక్కా."

"మేకకి రెండంగుళాలు వదులు పెట్టావు. నాకు మాత్రం అంగుళం చోటు కూడా పెట్టలేదు కదరా."

అక్కయ్య గొంతు మళ్ళీ తగ్గింది. "నిన్న సాయంత్రం ఎక్కడో తలుపు పెట్టుంటాడులే అని రెండుసార్లు వెతుక్కున్నాను. లేదు. ఓహో, మేకలొక్కటే కాదు, నేనూ బయటేనన్నమాట అనుకున్నాను. రోజూ తెల్లారకుండా వచ్చి కూర్చునే ముసల్ది వదిలిందని ఊపిరి పీల్చుకున్నారేమో అనుకున్నాను. రాత్రి బట్టలు సర్దుకున్నాను. ఆ టైర్లాయనకి రాసిచ్చేద్దామనే ఉన్నాను."

మాస్టారికి ఏడుపొచ్చేసింది. దాచుకోవడానికి కంచె తప్ప ఏమీ లేదు, దాన్లోంచి అన్నీ కనబడతాయి. "నీ వైపు అతుకు పడకూడదనుకున్నానక్కా. మంచి వైపు నీకు కనబడాలని ముడులన్నీ అటు తిప్పించాను. నువ్వొస్తావన్న సంగతి... అది అడగాల్సిన సంగతి కూడా కాదనుకున్నాను. గాలొచ్చినట్టు వస్తావనుకున్నాను. నువ్వెళ్ళిపోతే నాకు తెల్లారదక్కా."

అరవై రెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అక్కయ్య కొంగుతో ముక్కు తుడుచుకుని, మేకకేసి చూస్తూ, "తెల్లారదుట, పెద్ద," అంది.

"మరి అరవై ఒకటో మొక్క?" అన్నారు మాస్టారు భయంభయంగా.

"మొక్కలదేముందిరా, పుల్ల గుచ్చితే మళ్ళీ వస్తాయి. రెండడుగులు వెనక్కి జరుపుకుంటాను. ముందు ఇక్కడ కొయ్యి."

మాస్టారు మేస్త్రి వదిలి వెళ్ళిన పట్టకారు తెచ్చారు. తీరా తీగకి ఆనించాక చెయ్యి ఆడలేదు. నూట యాభై అడుగుల ఒకే గుడ్డ, ఒక్క అతుకు లేదు. నున్నటి ముడులు ఎండకి మెరుస్తున్నాయి.

"ఏమిట్రా చూస్తావు? నా జాకెట్టుకి రెండు ఎడమచేతులు పెట్టినప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు? కొయ్యి!"

కోశారు. ఒక్కో తీగా తెగినప్పుడల్లా ఖంగుమని కంచె మొత్తం వణికింది. చివరి తీగ తెగేసరికి ఇన్‌స్పెక్టరమ్మకి విడుదల దొరికింది. విడుదలైన మేక వెనక్కి రావాలి కదా? ముందుకెళ్ళింది. గులాబీల మీదికి దూకబోయిన దాన్ని అక్కయ్య కొమ్ములు పట్టి ఆపింది. ఇద్దరూ ఒకర్నొకరు కాసేపు కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకున్నారు. చివరికి మేకే తల దించింది.

ఇంక ఆరంగుళాల కంచెని ఏం చేసేది? నలభై ఏళ్ళు మనిషికి తగ్గట్టు బట్టని సరిచేసిన మాస్టారు, ఆ పొద్దున్న బట్టకి తగ్గట్టు మనిషిని సరిచేశారు. అడుగు పొడుగు చెక్క స్కేలు తెచ్చి కొమ్ములకి అడ్డంగా పెట్టి గట్టిగా కట్టేశారు. కొమ్ములున్నది ఆవిడ ఒక్కత్తికే, మిగతా వాటి తలలు దూరినా వెనక్కి వచ్చేస్తాయి, మొక్కలేమో రెండడుగుల అవతల. ఇన్‌స్పెక్టరమ్మ స్కేలుతో కంచె దగ్గరికి వెళ్ళి తల పెట్టి చూసింది, పట్టలేదు. ఇంకో గడిలో పెట్టింది, పట్టలేదు. ఎవరో తనని మోసం చేశారని గట్టిగా అరిచింది.

పదింటికి టైర్ల వ్యాపారి వచ్చేసరికి కంచెకి ఒక పెద్ద కన్నం, దాని మధ్యలో రెండు చేతులూ కాస్త దూరంగా పెట్టి నిలబడిన పెద్దావిడ, ఆవిడ ముందు గొంతుకూర్చుని టేపు పట్టుకున్న పెద్దాయన, పక్కన నెత్తి మీద స్కేలుతో ఒక మేక కనబడ్డాయి.

"స్థలం చూడమన్నారు..." అన్నాడతను.

"స్థలం లేదు బాబూ, అమ్మను. తలుపుకి కొలతలిస్తున్నాను, కదిలితే తేడా వస్తుంది. ఇంకోసారి రా," అంది అక్కయ్య తల తిప్పకుండా. ఇన్‌స్పెక్టరమ్మ అతని చేతిలో కాగితాలకేసి చూసి అడుగు ముందుకేసింది. అతను ఇంకోసారి కూడా రాలేదు.

మాస్టారు అక్కయ్య కొలత తీసి పుస్తకంలో రాశారు. రెండంగుళాలు వాటంతటవే కలిశాయి.

"చాలదురా," అంది అక్కయ్య. "ఇప్పుడంటే ఒక్కదాన్నే నడుస్తున్నాను. రేపు కాళ్ళు సహకరించకపోతే? నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకురావద్దూ? నువ్వు కూడా నా పక్కన పట్టాలి."

మాస్టారు తలూపారు. టేపు భార్య చేతికిచ్చి, వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఆవిడ భుజం నుంచి భుజానికి చూసి "పద్దెనిమిది," అంది. ఆయన రాసుకున్నారు. ఆవిడ పుస్తకంలోకి తొంగి చూసింది.

"ఇదేమిటండీ, పద్దెనిమిదే రాశారు? మీ రెండంగుళాలేవీ?"

మాస్టారు పుస్తకం వంక చూసుకున్నారు. నిజమే. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి చూసింది చూసినట్టు రాసింది.

"అక్కని పట్టుకుని నడిచేటప్పుడు మధ్యలో వదులెందుకే," అన్నారు.

అక్కయ్య ఆ మాట విననట్టు మెట్టు దగ్గరికి వెళ్ళి, బోర్లించిన గ్లాసు తీసి దులిపి, కంచె కన్నంలోంచి మరదలికి అందించింది.

"పదయింది. టీ పొయ్యి," అంది.